చూశానని చెప్పిన చెట్టు

పన్నెండేళ్ళ కిందట క్లాసులో ఒక అబద్ధం చెప్పాను. మొన్న వేసవిలో అదే నన్ను సముద్రం దాటించి అండమాన్ తీసుకెళ్ళింది.

అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి, పోయినేడు రిటైరయ్యాను. ఆ అబద్ధం చెప్పిన రోజు కరెంటు లేదు. బయట వాన. సతతహరితారణ్యాల గురించి చెబుతున్నాను. ఏడాది పొడుగునా వానలు పడే అడవులు, ఎప్పుడూ మొత్తంగా ఆకు రాల్చని చెట్లు, అన్నింటికీ పైన తల ఎత్తి నిలబడే గర్జన్ చెట్టు. బోర్డు మీద బొమ్మ వేస్తుంటే చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మీరు చూసేరా మేడమ్?" అని అడిగింది. రాజయ్యపేట నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. పేరు నూకరత్నం. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు.

"చూశాను" అన్నాను.

చూడలేదు. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా బ్యాచ్ అండమాన్ స్టడీ టూరుకి వెళ్ళింది. ఇంట్లో ఇబ్బందుల వల్ల నేను ఆగిపోయాను. తిరిగొచ్చిన స్నేహితురాళ్ళు హాస్టల్ గదిలో కూర్చుని వారం రోజులు అవే కబుర్లు చెప్పారు. వాటినే నావి చేసుకుని ఆ రోజు పిల్లలకి చెప్పాను. గోడల్లాంటి వేళ్ళ మధ్య నిలబడ్డానన్నాను. రెండు చేతులూ చాచి చెట్టుని ఆనుకుని పైకి చూస్తే కొమ్మలు కనిపించలేదన్నాను. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. తరవాత ఏ బ్యాచికీ ఆ మాట మళ్ళీ చెప్పలేదు గానీ, చెప్పిన ఆ ఒక్కసారీ గుర్తొస్తే మొహం వేడెక్కేది.

ఫిబ్రవరిలో ఫోను. "మేడమ్, నేను రాజయ్యపేట నూకరత్నాన్ని. పెళ్ళయి అండమాన్ వచ్చేను. రంగత్‌లో ఫారెస్టు గార్డుని. మీ గర్జన్ పాఠం విన్నాకే ఈ ఉద్యోగం మీదికి మనసు పోయింది. వేసవిలో రండి మేడమ్, నేను దగ్గరుండి తిప్పుతాను."

"వస్తాను" అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు వంటగదిలో ఊరికే నిలబడ్డాను.

ఓడ మీద

మా ఆయనకి నీళ్ళంటే భయం. అందుకని నాకు తోడు మా ఆడపడుచు సూరమ్మ వదిన బయలుదేరింది. రావికమతంలో ఆవిడకి రెండెకరాల పొలం. అరవై ఐదేళ్ళు వచ్చినా నాట్లకి దిగుతుంది. రోజుకి నాలుగు చుట్టలు కాలుస్తుంది, అదీ అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది. ఓడలో చుట్ట కాల్చకూడదని విశాఖ రేవులోనే చెప్పారు. ఆవిడ మొహం చూస్తే అక్కణ్ణించే వెనక్కి పోదామంటుందేమో అనుకున్నాను. చుట్టల కట్ట చీర మడతలో దోపుకుని, "పోనీలే, వాసన సూసుకుంటాను" అంది.

రెండున్నర రోజులు సముద్రం. మొదటిరోజు సాయంత్రానికి నీళ్ళ రంగు మారిపోయింది. మన తీరంలో కనిపించే బూడిద ఆకుపచ్చ పోయి సిరా రంగు వచ్చింది. ఓడ పక్కనే ఎగిరే చేపలు గుంపుగా లేచి, కొంతదూరం గాలిలో వెళ్ళి మళ్ళీ నీళ్ళలో పడేవి. వదిన రెయిలింగు పట్టుకుని కన్నార్పకుండా చూసింది.

మేం పడుకునే బంకుల చుట్టుపక్కల అందరూ సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వాళ్ళే. పరాయి దేశం వెళ్తున్నట్టే లేదు. నీలకంఠం అనే ఆయన పోర్ట్‌బ్లెయిర్‌లో టిఫిన్ హోటలు నడుపుతాడట. ఇరవై ఏళ్ళప్పుడు తాపీపనికి వచ్చి ఉండిపోయాడు. గర్జన్ చెట్టు ఎప్పుడైనా చూశారా అని అడిగాను.

"గర్జనా? మా హోటలు తలుపులూ దూలాలూ అన్నీ గర్జనేనండి. సెట్టు మాత్రం సూడలేదు. అడవిలోకి మనకేటి పని?" అన్నాడు.

రెండోరోజు మా సంచిలోంచి ఏదో కారుతోంది. నూకరత్నానికని పట్టుకొచ్చిన బెల్లం దిమ్మలు సముద్రపు గాలికి చెమ్మగిల్లి నీరు కారుతున్నాయి. నా రెండు చీరలు పాకంలో మునిగాయి. నీలకంఠం గారు క్యాంటీన్ నుంచి స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చారు. అందులోకి ఎత్తుకున్నాం. బంకుల మీద పిల్లలంతా తలా ఒక ముక్క నాకారు.

ఆ మధ్యాహ్నం డెక్కు మీద నీడలో కూర్చుని వదినతో నా అబద్ధం సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో మరెవరికీ చెప్పలేదు.

"సూడనిది సూసేనని సెప్పినావా? పిల్లలకా?"

"అవును."

"మరిప్పుడు ఏటి సేత్తావు?"

"చెప్పాలా వద్దా తెలీడం లేదు వదినా. ఆ పిల్ల దాని మీదే జీవితం కట్టుకుంది."

వదిన చుట్ట తీసి, వాసన చూసి, మళ్ళీ దోపుకుంది. "సెప్పకపోతే నీకే నష్టం వరాలూ. ఆ సెట్టు కాడ నిలబడి దాని కేసి సూత్తావు గానీ, నీ మనసు పిల్ల కేసే ఉంటాది. ఇంత దూరం వచ్చినా సూడనట్టే."

ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పోర్ట్‌బ్లెయిర్

ఊరి పేరు మార్చారు గానీ జనం నోట ఇంకా పోర్ట్‌బ్లెయిరే. ఆటో అతను శ్రీకాకుళం యాసలో "ఎక్కడికెల్లాలమ్మా" అన్నాడు. బజార్లో తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ ఒకే కొట్టులో వినిపిస్తాయి. టమాటా, ఉల్లిపాయ ఓడల మీద రావాలి కనుక ప్రియం. చేపలు మాత్రం మన పూడిమడక రేవులో కన్నా చవక. వదిన ధరలడిగి, "ఇక్కడోళ్ళు కూరలు అమ్మి సేపలు కొనుక్కోవాల" అంది.

అన్నింటికన్నా వింత వెలుతురు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా ముందు లేస్తాడు. నాలుగున్నరకే తెల్లారిపోతుంది. సాయంత్రం టీ తాగి బయటికొచ్చేసరికి దీపాలు పెట్టేస్తున్నారు. వదిన రెండురోజులూ తెల్లారగానే లేచి, పొలం లేక ఏం చెయ్యాలో తెలియక లాడ్జి మెట్లు ఊడ్చింది.

నీలకంఠం గారి హోటల్లో ఇడ్లీలు తిన్నాం. డబ్బులు తీసుకోలేదు. పట్టుబట్టి అడిగితే, "పక్కూరు కాదుగా, ఇంతదూరం వచ్చేరు" అని నవ్వాడు. వెళ్ళేముందు నేను ఆయన హోటలు తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను. లేత ఎరుపు కలిసిన గోధుమరంగు కర్ర. ఏళ్ళ తరబడి చేతులు పడి నున్నబడింది.

రంగత్

చిన్న ఓడలో సగం రోజు. దీవుల మధ్య నీళ్ళు చెరువులా నిలకడగా ఉన్నాయి. రెండుపక్కలా మడచెట్లు నీళ్ళలోకి వేళ్ళు దించి నిలబడ్డాయి. వాటి వెనక కొండలు, కొండల మీద ఖాళీ అన్నది లేకుండా అడవి. మన అనంతగిరి అడవి చూసినదాన్నే గానీ, ఇలా నేల కనపడకుండా కప్పేసిన పచ్చదనం ఎప్పుడూ చూడలేదు. కొండల అంచుకి పైన అక్కడక్కడా కొన్ని తలలు మిగతావాటికన్నా ఎత్తుగా పొడుచుకొచ్చాయి. గర్జన్లే అయి ఉండాలి.

జెట్టీ మీద ఖాకీ బట్టల్లో నూకరత్నం. చివరి బెంచీలో సన్నగా, పిట్టలా ఉండేది. ఇప్పుడు భుజాలు వెడల్పై, మొహం ఎండకి కమిలి, నడకలో ఒక నిబ్బరం. వంగి కాళ్ళకి దండం పెట్టింది.

"వచ్చేరు మేడమ్. రారేమో అనుకున్నాను."

వాళ్ళాయన బోటు ఇంజన్ల మెకానిక్కు. ఐదేళ్ళ కూతురు. వాళ్ళది రేకుల ఇల్లు, పెరట్లో పోకచెట్లు. పక్కింటి బెంగాలీ ఆవిడ చేపల కూర పంపింది. ఆవ నూరి పెట్టిన కూర. మనం పనసపొట్టులో ఆవ పెడతాం గానీ చేపకి పెట్టం. ముక్కుకి ఘాటెక్కినా వదిన మూడోసారి వడ్డించుకుంది.

సాయంత్రం పాప ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "అమ్మ బుక్కు." సెకండియర్ బోటనీ నోట్సు. మధ్య పేజీలో ఆ రోజు నేను బోర్డు మీద వేసిన బొమ్మ. గోడల్లాంటి వేళ్ళు, వాటి మధ్య నిలబడ్డ చిన్న మనిషి. కింద నూకరత్నం గుండ్రటి అక్షరాలు: 'మేడమ్ ఇక్కడ నిలబడ్డారు.'

పుస్తకం మూసి పాపకిచ్చేశాను. అన్నం సహించలేదు. ప్రయాణపు బడలిక అని చెప్పాను.

అడవిలోకి

తెల్లారి నాలుగున్నరకి జీపు. అనుమతి కాగితాలు నూకరత్నం ముందే తీసుకుంది. మాతో ఎత్వా దాదా వచ్చాడు. డెబ్బై దాటిన రాంచీ మనిషి. చిన్నతనంలో తండ్రితో కూలికి వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. ఇప్పుడు రోజుకూలీ మీద అడవి కాపలా కాసే వాచరు. తక్కువ మాటలు, అవీ హిందీలో. నూకరత్నం మాకు తెలుగు చేసి చెప్పేది.

జీపు దిగి నడవడం మొదలుపెట్టాక కాసేపటికే పగలు పోయింది. వెలుతురు ఉంది గానీ, ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు అంతా పచ్చగా. గాలి కదలదు. తడి మట్టి, కుళ్ళిన ఆకు, ఎక్కడో పూసిన పువ్వు, అన్నీ కలిసిన వాసన. తీగలు తాళ్ళలా వేలాడుతున్నాయి. చెట్ల మీద చెట్లు, వాటి మీద నాచు, నాచు మీద ఫెర్నులు. అంగుళం చోటు వృథా లేదు. ముప్పై ఏళ్ళు అడవి అంతస్తులంటూ బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. అక్కడ గీతలేమీ లేవు. కింది నుంచి పైదాకా ఒకటే ప్రాణం.

ఎక్కడో పైన వాన మొదలైన చప్పుడు. తలెత్తి చూశాను. ఒక్క చుక్క పడలేదు. చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయాక, మేం ఇంకొంత దూరం నడిచాక, అప్పుడు కింద చినుకులు పడటం మొదలైంది. ఆకు నుంచి ఆకుకి దిగి మా దాకా రావడానికి అంత సేపు పట్టింది.

నేను నిలబడిపోయాను. ఆ చినుకులు మొహం మీద పడుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

"జలగలు" అంది వదిన. నా పాదాల మీద ఆరో ఏడో పాకుతున్నాయి. నేను అరిచాను. వదినకి వరిచేలో అలవాటే. చుట్ట ఒకటి తీసి నీళ్ళలో నానబెట్టి, ఆ తడి పొగాకు నా కాళ్ళకీ తన కాళ్ళకీ రుద్దింది. జలగలు ముడుచుకుని రాలిపోయాయి. ఎత్వా దాదా నోరు తెరిచి నవ్వి చెయ్యి చాచాడు. అతనికీ ఒక చుట్ట ఇచ్చింది. అడవిలో కాల్చకూడదని నూకరత్నం ముందే చెప్పింది కనుక అతనూ వాసనే చూశాడు.

ఇంకాస్త దూరంలో, దారి మలుపు తిరగగానే, ఆ వేళ్ళు కనిపించాయి. గోడల్లా. మనిషెత్తు దాటి, మొదలు నుంచి నాలుగువైపులా చాచుకుని. సరిగ్గా నేను బోర్డు మీద వేసినట్టే. కాళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. రెండు గోడల మధ్య నిలబడి చేతులు ఆనించాను. ఆకులు చూస్తే ఏ చెట్టో తెలిసేది, ఆకులు ఎక్కడో పైన ఉన్నాయి. గుండెల్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. నా అబద్ధంలో చెట్టయినా నిజమే.

"ఇదే కదా నూకరత్నం, గర్జన్?"

ఆ పిల్ల దగ్గరికొచ్చి నా భుజం మీద పడ్డ నాచు దులిపింది.

"ఇది పడాక్ చెట్టు మేడమ్. గర్జన్ ఇంకా ముందర ఉంది" అంది మెల్లిగా.

చెట్టు దగ్గర

మిగిలిన దారంతా తల వంచుకుని నడిచాను. టూరుకెళ్ళొచ్చిన స్నేహితురాళ్ళు రెండు చెట్ల గురించి చెబితే నేను ఒకే చెట్టు చేసి దాచుకున్నానన్న మాట. నా ముందు నూకరత్నం బూట్లు బురదలో పడే చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు.

తరవాత ఆ బూట్లు ఆగాయి.

గర్జన్‌కి గోడలు లేవు. మొదట్లో కాస్త ఉబ్బి, అక్కణ్ణించి నేరుగా, తెల్లబూడిద రంగులో, ఒక్క కొమ్మ లేకుండా పైకి వెళ్ళిపోయింది. మా చుట్టూ ఉన్న చెట్లు ఎక్కడ ముగిశాయో అక్కడ అది సగం కూడా అవలేదు. ఆ చెట్ల తలల్లోంచి దూరి ఇంకా పైకి వెళ్ళింది. చూపు నిలపలేక మెడ పట్టేసి కిందికి చూసి, మళ్ళీ చూశాను. ఎక్కడో ఎండలో దాని కొమ్మలు కదులుతున్నాయి. మాకు గాలి లేదు, దానికి ఉంది. మా దగ్గర మబ్బు చీకటి, దాని తల మీద పగలు.

వదిన చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది. "రెండు తాడిసెట్లు ఒకదాని మీదొకటి నిలబెట్టినా సాలవు" అంది. మరి కాసేపాగి, "దీన్ని ఎవరు నాటేరు?" అని అడిగింది.

"ఎవరూ నాటలేదు అమ్మమ్మా. అదే వచ్చింది" అంది నూకరత్నం.

వదిన చేతులు జోడించింది. నేను మాత్రం చూడలేకపోతున్నాను. ఆవిడ ఓడ మీద చెప్పింది నిజమే. చెట్టు ఎదురుగా ఉన్నా నా చూపు పక్కనున్న పిల్ల మీదికే పోతోంది.

"నూకరత్నం, నేను ఇదివరకు ఈ చెట్టు చూడలేదు. అసలు అండమానే రాలేదు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు మేడమ్."

"పడాక్ దగ్గరేనా తెలిసింది?"

"కాదండి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే. ఎత్వా దాదా ఈ చెట్టు కాడికే తీసుకొచ్చేడు. ఇదే గర్జన్ అన్నాడు. కాదు, గర్జన్‌కి గోడలుంటాయి, మా మేడమ్ చెప్పేరు అని వాదించేను. నన్ను చూసి అందరూ నవ్వేరు."

"కోపం వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది. చాలా రోజులు ఉంది. మీరు చెప్పిందే నమ్మి ఈ ఉద్యోగంలోకి వచ్చేనని ఏడ్చేను కూడా." చెట్టు బెరడు మీద అరచెయ్యి పెట్టింది. "తరవాత అడవిలో బీటు తిరుగుతా తిరుగుతా ఒకరోజు అనిపించింది. చూడకుండానే అంతలా చెప్పేరు, చూత్తే ఎలా చెబుదురో అని. అందుకే పిలిచేను మేడమ్. మీ అబద్ధం బయటపెట్టాలని కాదు."

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"మీరు చూడండి మేడమ్" అంది. "నేను ఇక్కడే ఉంటాను."

పది అడుగులు వెనక్కి వెళ్ళి వదిన పక్కన కూర్చుంది. నేను ఒక్కదాన్నీ నిలబడ్డాను. బెరడు చల్లగా, గరుకుగా ఉంది. ఒకచోట పాత గాయం నుంచి జిగురు నూనె ఊరి గట్టిపడింది. దానికి ముక్కు ఆనిస్తే దేవుడి గదిలాంటి వాసన. తలెత్తి చూశాను. ఈసారి చూపు ఎక్కడా ఆగలేదు, పైదాకా వెళ్ళింది.

ఎంతసేపున్నానో తెలీదు. ఎత్వా దాదా ఏదో అన్నాడు. గాలి వస్తోందట. సముద్రం వైపు నుంచి ఒక హోరు కొండ ఎక్కి వస్తోంది. మా దగ్గర ఆకు కదల్లేదు గానీ పైన గర్జన్ తల ఊగింది.

అప్పుడు రాలడం మొదలుపెట్టాయి. మొదట ఒకటి. ఎర్రటి రెండు రెక్కల మధ్య ఒక కాయ, గిరగిరా తిరుగుతూ. తరవాత పది. తరవాత లెక్క లేదు. అంత ఎత్తు నుంచి, వెలుతురులోంచి చీకట్లోకి, వేలకొద్దీ కాయలు తిరుగుతూ దిగుతున్నాయి. నేల తాకుతుంటే సన్నటి టపటప. తలల మీద, భుజాల మీద వాలాయి. వదిన కొంగు పట్టి నిలబడితే కాసేపటికి అది నిండింది.

"ఇంటికి తీసుకెళ్ళకూడదు అమ్మమ్మా. అడవివి అడవిలోనే ఉండాలి" అంది నూకరత్నం, గార్డు గొంతుతో.

వదిన ఒక్కటి కూడా దాచుకోకుండా కొంగు దులిపేసింది.

ఎత్వా దాదా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు పైకే చూస్తూ, హిందీలో నెమ్మదిగా ఏదో చెప్పాడు. నూకరత్నం తెలుగు చేసింది. వయసులో ఉన్నప్పుడు అతను రంపం పని చేశాడట. ఏనుగులు దుంగలు లాగే రోజులు. ఇలాంటి గర్జన్లు ఎన్ని కోశాడో అతనికే తెలీదు. "మేమెప్పుడూ మొదలు కేసే చూసేవాళ్ళం, రంపం నడిచే చోటు కేసి. ఇవి రాలేటప్పుడు ఇలా ఉంటాదని, ఈ పనిలో చేరేదాకా నాకు తెలీదు, అంటన్నాడు మేడమ్."

గాలి ఆగింది. చివరి కాయలు ఒకటీ రెండూ దిగాయి. దారంతా రెక్కలు పరుచుకున్నాయి, అడుగు పెట్టడానికి చోటు లేకుండా.

తిరుగు ప్రయాణంలో ఎత్వా దాదా ముందు నడిచాడు. నడుం వంచి, దారి మీద పడ్డ ఒక్కొక్క కాయనీ ఏరి, పక్కన చెమ్మగా ఉన్న ఆకుల మీద పెడుతూ. మేం ముగ్గురం తొందరపెట్టలేదు. అతను చోటు చేసినప్పుడు ఒక అడుగు వేసి, ఆగి, మళ్ళీ అతను చోటు చేసేదాకా నిలబడ్డాం.